కాటా అంకెలు ఎక్కడ పోతున్నాయి? సీరియల్ డ్రైవర్ చేసే పని, చేయని పని

తరువాత చదివేవారికి సందర్భం తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల లారీలను తూచే కాటా. పాత కంప్యూటర్ తీసేసి చిన్న లినక్స్ పెట్టె అమర్చారు. బరువు అంకెలు చూపే ఇండికేటర్ నుంచి వచ్చే సీరియల్ కేబుల్‌ను యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా దానికి కలిపి, పైథాన్‌లో ప్రోగ్రాం రాశారు. కొన్ని లారీల బరువు సరిగ్గా వస్తోంది, కొన్నింటికి అంకెలు మాయమవుతున్నాయి, అప్పుడప్పుడు రెండు బరువులు అతుక్కుని వస్తున్నాయి. డ్రైవర్ బైట్లను పోగొడుతోందా, అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌లో సీరియల్ డ్రైవర్ ఏం చేస్తుంది అని అడిగారు.

డ్రైవర్ ఒక్క బైటు కూడా పోగొట్టలేదు. మీరు పెట్టిన నాలుగు నమూనాలే ఆ మాట చెబుతున్నాయి. ఇండికేటర్ మీద 35960 కనిపించినప్పుడు మీకు 35960 వచ్చింది. 13650 ఉంటే 3650 వచ్చింది. 24390 కాస్తా 390 అయింది. 17840 కిలోల లారీకి ఏకంగా 0 పడింది. పోయిన అంకెలను ఒక వరుసలో రాసి చూడండి: 1, 2, 4, 7, 8. నిలిచినవి: 0, 3, 5, 6, 9. తీగలో అలజడి వల్లనో, డ్రైవర్ ఆలస్యం వల్లనో బైట్లు పోతే ఇంత పద్ధతిగా పోవు. ఒకసారి 3 పోతుంది, ఒకసారి 1 ఉంటుంది. ఇక్కడ అలా లేదు. ఏ అంకె పోవాలో ముందే నిర్ణయమైపోయింది.

అక్షరాలకు, అంకెలకు సంఖ్యా సంకేతాలిచ్చే ఆస్కీ పట్టికలో అంకెల సంకేతాలు హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే సంఖ్యల్లో) 30 నుంచి 39 వరకు. వాటిని బిట్లలో రాస్తే 0, 3, 5, 6, 9 సంకేతాల్లో ఒకట్ల సంఖ్య సరి, 1, 2, 4, 7, 8 సంకేతాల్లో బేసి. మీ ఇండికేటర్ ఏడు డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, ఒక స్టాప్ బిట్ అనే అమరికలో పంపుతోంది. ఈవెన్ పారిటీలో ఒకట్ల మొత్తం సరిసంఖ్య అయ్యేలా పంపే పరికరం ఏడు బిట్ల తరువాత ఇంకో బిట్టు చేరుస్తుంది. ఒకట్లు ఇప్పటికే సరిగా ఉంటే ఆ బిట్టు 0, బేసి అయితే 1. పైథాన్ సీరియల్ లైబ్రరీకి మీరు ఏమీ చెప్పకపోతే ఎనిమిది డేటా బిట్లు, పారిటీ లేదు అనుకుని పోర్టును తెరుస్తుంది. రెండు అమరికల్లోనూ స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక అక్షరానికి పది బిట్లే. పొడవు సరిపోయింది, స్టాప్ బిట్టు ఉండవలసిన చోటే ఉంది, కాబట్టి చిప్‌కు తప్పేమీ కనబడలేదు. పారిటీ బిట్టును అది ఎనిమిదో డేటా బిట్టుగా తీసుకుంది. హెక్సా 32 గా రావలసిన 2 అంకె బీ2 గా వచ్చింది. మీ ప్రోగ్రాంలో డీకోడ్ చేసే చోట, ఆస్కీ కాని బైట్లను వదిలేయమని ఇగ్నోర్ పెట్టారు. బీ2 ఆస్కీ కాదు, అక్కడ రాలిపోయింది. 3కు చేరే పారిటీ బిట్టు సున్నా కాబట్టి అది 33 గానే వచ్చి నిలిచింది.

పోర్టును తెరిచే చోట ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ అని రాయండి. ఇండికేటర్ సెటప్ మెనూలో అదే ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. పాత కంప్యూటర్‌లోని ప్రోగ్రాం ఆ అమరికతోనే తెరిచి ఉంటుంది. అందుకే అన్నేళ్లూ ఇబ్బంది రాలేదు. డీకోడ్ దగ్గరి ఇగ్నోర్‌ను మాత్రం తప్పకుండా తీసేయండి. బరువు లెక్కలో తెలియని బైటు వస్తే ప్రోగ్రాం ఆగి అరవాలి, మింగేయకూడదు. ఆ అంకెల మీదే లారీ యజమాని డబ్బు, క్వారీ డబ్బు ఆధారపడి ఉన్నాయి.

ఇక డ్రైవర్ సంగతి. మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీని తలచుకోండి. ఎన్ని మూటలు దించాడో, ఏ మూట చిరిగిందో అతను చెప్పగలడు. లోపల ఉన్నది వేరుశనగో పత్తిగింజో, ఏ మూటతో ఏ రైతు సరుకు ముగిసిందో అతని పని కాదు. సీరియల్ డ్రైవర్ ఇచ్చే హామీ కూడా అంతవరకే. బైట్లను వచ్చిన వరుసలోనే అందిస్తుంది, చెడినవాటి లెక్క నిజాయితీగా ఉంచుతుంది. సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానికి తెలియదు. సీరియల్ పనిలో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ గీత ఎక్కడుందో తెలియక పుట్టినవే.

హార్డ్‌వేర్ వైపు నుంచి వద్దాం. సీరియల్ పోర్టుకు గుండె యూఆర్ట్ అనే చిప్. తీగ మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బిట్లను బైటుగా పేర్చడం, బైటును బిట్లుగా విడదీసి పంపడం దాని పని. 1981 నాటి ఐబీఎం పీసీలో 8250 అనే యూఆర్ట్ ఉండేది. దాని వారసుడు 16550ఏ. ఈనాటి పీసీ మదర్‌బోర్డు మీద విడి చిప్ లేకపోయినా, లోపల ఎక్కడో అదే రిజిస్టర్ల (చిప్‌తో మాట్లాడే చిన్న గదుల) అమరిక బతికే ఉంది. పీసీలో మొదటి పోర్టు చిరునామా హెక్సా 3ఎఫ్8, ఇంటరప్ట్ (చిప్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) సంఖ్య 4. రెండోది 2ఎఫ్8, ఇంటరప్ట్ 3. ఆ చిరునామా నుంచి వరుసగా ఎనిమిది రిజిస్టర్లు ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ బోర్డులలో పీఎల్011 అనే వేరే యూఆర్ట్ ఉంటుంది. దాని రిజిస్టర్లు మెమరీ చిరునామాల్లో కనబడతాయి. అమరిక వేరైనా చేసే పని అదే.

చిప్‌లు ఎన్ని రకాలున్నా పని ఒకటే కావడం వల్ల లినక్స్ దాన్ని అంతస్తులుగా విడగొట్టింది. అట్టడుగున ఒక్కో చిప్‌కు ఒక్కో డ్రైవర్. దాని మీద అన్ని యూఆర్ట్ చిప్‌లకూ ఉమ్మడిగా సీరియల్ కోర్. ఆపైన టెర్మినళ్లను చూసుకునే టీటీవై కోర్, వచ్చిన అక్షరాలను సర్దే లైన్ డిసిప్లిన్. అన్నిటికీ పైన మీ ప్రోగ్రాం తెరిచే టీటీవైఎస్0 అనే పరికరపు ఫైలు. కొత్త చిప్‌కు డ్రైవర్ రాసేవారు ఓపెన్, రీడ్, రైట్ పిలుపులను స్వయంగా రాయనక్కరలేదు. సీరియల్ కోర్ అడిగే చిన్న ఫంక్షన్ల పట్టికను నింపి ఇస్తే చాలు. పోర్టును లేపడం, పడుకోబెట్టడం, వేగమూ పారిటీ అమర్చడం, పంపడం మొదలుపెట్టడం, ఆపడం, పంపవలసినది పూర్తిగా బయటికి వెళ్లిందో లేదో చెప్పడం, ఆర్‌టీఎస్ డీటీఆర్ అనే సంజ్ఞల తీగలను ఎత్తడం దించడం. ఇవే ముఖ్యమైనవి. డ్రైవర్ రాయడం నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు నేను ముందు సీరియల్ డ్రైవర్‌నే చదవమంటాను. హార్డ్‌వేర్ చిన్నది, ఒక్క రోజులో మొత్తం రిజిస్టర్లు అర్థమవుతాయి. కానీ ఇంటరప్టు, బఫరు, తాళాలు, నిద్ర, మేల్కొలుపు లాంటి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) పాఠాలన్నీ అందులో ఉన్నాయి.

మీ ప్రోగ్రాం పోర్టును తెరవగానే చిప్ డ్రైవర్‌లోని లేపే ఫంక్షన్ నడుస్తుంది. పాత బైట్లేవైనా చిప్‌లో మిగిలి ఉంటే చదివి పారేస్తుంది, వచ్చిన బైట్లను వరుసగా దాచే ఫైఫో బఫర్‌ను ఖాళీ చేసి పనిలో పెడుతుంది, ఇంటరప్ట్ గీతను తనకు కేటాయించుకుంటుంది, ఏయే సంఘటనలకు తనను పిలవాలో చిప్‌కు చెబుతుంది. తరువాత వేగం, పారిటీ అమరిక. పీసీ యూఆర్ట్‌కు అందే గడియారం 1.8432 మెగాహెర్ట్జ్. చిప్ ఒక్కో బిట్టును పదహారు టిక్కులుగా చూస్తుంది కాబట్టి గరిష్ఠ వేగం 115200. దాన్ని 12తో భాగిస్తే 9600, 48తో భాగిస్తే 2400. డ్రైవర్ చేసేది ఆ భాజకాన్ని లెక్కగట్టి చిప్‌లో రాయడం. మరో రిజిస్టర్‌లో డేటా బిట్ల సంఖ్య, పారిటీ, స్టాప్ బిట్లు ఉంటాయి. ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అంటే అక్కడ హెక్సా 03 పడుతుంది. ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ అంటే 1ఏ పడుతుంది. పీసీ పోర్టు మీద అయితే మీ లారీల బరువు తేడా మొత్తం ఆ ఒక్క రిజిస్టర్ విలువలో ఉండేది. యూఎస్‌బీ కన్వర్టర్‌లో అదే సమాచారం మరో రూపంలో వెళుతుంది. డ్రైవర్ మాత్రం మీరు చెప్పింది చెప్పినట్టు రాసింది.

ఇప్పుడు ఒక బైటు దారి చూద్దాం. డ్రైవర్ కష్టమంతా ఇక్కడే ఉంది.

తీగ మీద ఏమీ రానప్పుడు గీత ఒకటి స్థితిలో ఉంటుంది. స్టార్ట్ బిట్టు వచ్చి గీత పడిపోగానే యూఆర్ట్ లెక్క మొదలుపెడుతుంది. ఒక్కో బిట్టు నడిమధ్యలో విలువ చూసుకుంటూ పోయి, చివర స్టాప్ బిట్టు ఒకటిగా ఉందా లేదా అని సరిచూస్తుంది. బైటు పూర్తయితే ఫైఫోలో పెడుతుంది. 16550ఏ ఫైఫోలో పదహారు బైట్లు పడతాయి. 8250లో ఆ వసతి లేదు, ఒక్క బైటుకే చోటు. ఆ ఒక్కటీ తీసుకునేలోగా తరువాతిది పూర్తయితే ముందున్నది చెరిగిపోతుంది. దీన్నే ఓవర్‌రన్ అంటారు. 9600 వేగంలో పది బిట్ల అక్షరానికి ఒక మిల్లీసెకండు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. 115200 వేగంలో 87 మైక్రోసెకండ్లే. డిస్కు డ్రైవర్ ఎవరో అంతసేపు ఇంటరప్టులను మూసిపెట్టారంటే ఫైఫో లేని చిప్‌లో బైటు పోయినట్టే.

ఫైఫో ఉంటే ప్రతి బైటుకూ ప్రాసెసర్‌ను లేపనక్కరలేదు. 1, 4, 8, 14 బైట్లలో ఎన్ని చేరాక పిలవాలో డ్రైవర్ ఎంచుకోవచ్చు. లినక్స్ ఈ చిప్‌కు మామూలుగా ఎనిమిదిని ఎంచుకుంటుంది. ఎనిమిది నిండాక పిలుపు వస్తే మిగతా ఎనిమిది గదులు నిండేదాకా డ్రైవర్‌కు సమయం ఉంటుంది. 115200 వేగంలో అది దాదాపు 0.7 మిల్లీసెకండు. 14 పెట్టుకుంటే ఇంటరప్టుల బరువు తగ్గుతుంది కానీ ఆ వ్యవధి కుంచించుకుపోతుంది. 1 పెట్టుకుంటే ఆలస్యం ఉండదు కానీ ప్రాసెసర్‌కు ఊపిరాడదు. మరి కాటా మూడు బైట్లే పంపి ఊరుకుంటే? ఎనిమిది నిండదు కదా. దానికీ చిప్‌లో ఏర్పాటు ఉంది. ఫైఫోలో ఏదో ఉండి, నాలుగు అక్షరాల కాలంపాటు కొత్తది రాకపోతే, డ్రైవర్ కూడా వచ్చి చదవకపోతే, టైమ్‌అవుట్ ఇంటరప్ట్ వేస్తుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు ఆ చిప్ రూపొందించినవారి మీద నాకు గౌరవం కలిగింది. డ్రైవర్ ప్రత్యేకంగా టైమర్ పెట్టుకునే అవసరం తప్పించారు.

ఇంటరప్ట్ రాగానే డ్రైవర్ ముందు కారణం అడుగుతుంది: లైన్ లోపమా, డేటా వచ్చిందా, పంపే గది ఖాళీ అయిందా, మోడెమ్ తీగ మారిందా. తరువాత లైన్ స్టేటస్ రిజిస్టర్ చదువుతుంది. అందులో ఒక్కో బిట్టు ఒక్కో కబురు. బైటు సిద్ధంగా ఉందని ఒకటి, ఓవర్‌రన్ జరిగిందని ఒకటి, పారిటీ తప్పని, స్టాప్ బిట్టు సరిగా లేదని, గీత చాలాసేపు పడిపోయి ఉందని మిగతావి. స్టేటస్ చూసి, బైటు తీసి, మళ్లీ స్టేటస్ చూసి, ఇలా ఫైఫో ఖాళీ అయ్యేదాకా తిరుగుతుంది. ఈ క్రమం తప్పకూడదు. పైనున్న బైటును చదివేస్తే దాని వెంట ఉన్న పారిటీ కబురు పోతుంది. ఏ బైటుకు ఏ లోపమో తరువాత తేల్చలేము.

తీసిన బైట్లను, వాటి లోపాల గుర్తులతో సహా, డ్రైవర్ టీటీవై కోర్ ఇచ్చిన ఫ్లిప్ బఫర్‌లో పెట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఇంటరప్ట్‌లో ఉన్నప్పుడు నిద్రపోయే పనులు చేయకూడదు, ఎక్కువసేపు ఉండకూడదు. కాబట్టి మిగతా పనిని కెర్నెల్ తీరిక చూసుకుని చేసే వర్క్ క్యూకు అప్పగిస్తుంది. అది బైట్లను లైన్ డిసిప్లిన్‌కు చేరుస్తుంది. అక్కడ మీ ప్రోగ్రాం రీడ్ పిలుపులో నిద్రపోతుంటే మేల్కొలుపు అందుతుంది. మీకు రీడ్ ఎన్ని బైట్లు ఇస్తుందన్నది ఈ గొలుసులో ఎవరు ఎప్పుడు మేల్కొన్నారన్న దాని మీదే ఆధారపడుతుంది. కాటా ఒకేసారి ఎనిమిది బైట్లు పంపినా మీకు 3, 5 గా రావచ్చు. 8గా రావచ్చు. ముగిసిన సందేశం తోక, తరువాతి సందేశం తల కలిసి రావచ్చు. ఇందులో ఏదీ లోపం కాదు.

లైన్ డిసిప్లిన్ దగ్గర కొంచెం ఆగాలి, మీ రెండో ఇబ్బంది మూలం అక్కడికే వస్తుంది. ఈ అంతస్తు మనిషి టెర్మినల్ ముందు కూర్చుని టైపు చేసే రోజుల్లో పుట్టింది. అందుకే మామూలు స్థితిలో అది వరుసను పోగుచేసి ఎంటర్ నొక్కాకే ఇస్తుంది, వచ్చిన అక్షరాన్ని తిరిగి పంపుతుంది, హెక్సా 0డీ (క్యారేజ్ రిటర్న్) వస్తే 0ఏ (కొత్త వరుస) గా మారుస్తుంది, హెక్సా 13 వస్తే పంపడం ఆపేస్తుంది, 11 వస్తే మళ్లీ మొదలుపెడుతుంది. మనిషికి ఇవన్నీ సౌకర్యాలే. బైనరీ డేటా పంపే మీటరుకు ఇవే ప్రాణసంకటం. కొలతలో యాదృచ్ఛికంగా 13 అనే బైటు వచ్చిందంటే మీ పంపకం ఆగిపోతుంది. 0డీ వస్తే విలువ మారిపోతుంది. అలాంటి చోట పోర్టును రా స్థితిలో, అంటే బైట్లను ఏ మార్పూ లేకుండా ఇచ్చే స్థితిలో, పెట్టాలి. పైథాన్ లైబ్రరీ ఆ పని తానే చేస్తుంది. సీ భాషలో నేరుగా రాసేవారు మరిచిపోతుంటారు.

మీ కాటాది బైనరీ కాదు, పాఠమే. ప్రతి బరువు చివర 0డీ ఒక్కటే పంపుతోందని మీరు పెట్టిన మాన్యువల్ పేజీలో ఉంది. మీరు వాడిన రీడ్‌లైన్ వెతికేది 0ఏ కోసం. రా స్థితిలో కెర్నెల్ 0డీని 0ఏ గా మార్చదు. కాబట్టి రీడ్‌లైన్‌కు వరుస ముగింపు ఎప్పటికీ దొరకదు. మీరు పెట్టిన టైమ్‌అవుట్ అయ్యేదాకా చూసి, అప్పటికి చేతిలో ఉన్నదంతా ఇచ్చేస్తుంది. అందులో ఒకటిన్నర బరువు ఉండవచ్చు, రెండు ఉండవచ్చు. దీనికి పారిటీ తప్పు కూడా తోడైంది. 0డీలో ఒకట్లు మూడు, బేసి. కాబట్టి అది 8డీ గా వచ్చి, డీకోడ్‌లో రాలిపోయింది. రెండు బరువుల మధ్య గీతే చెరిగిపోయింది. పారిటీ సరిచేసి, రీడ్‌లైన్ బదులు 0డీ వరకు చదివే పిలుపు వాడండి. లేదా వచ్చిన బైట్లన్నీ మీ సొంత బఫర్‌లో చేర్చుకుంటూ, 0డీ కనబడిన ప్రతిచోటా కోసుకోండి. నేను రెండోదే ఇష్టపడతాను. రీడ్ ఎన్ని ముక్కలుగా ఇచ్చినా ప్రోగ్రాంకు తేడా ఉండదు. కోసిన ముక్క మాన్యువల్‌లో చెప్పిన పొడవు లేకపోతే ఆ ముక్కను వదిలేసి తరువాతి దాని కోసం చూడండి, ఊహించి పూరించకండి. కాటా ఎలాగూ సెకండుకు కొన్నిసార్లు పంపుతూనే ఉంటుంది.

యూఎస్‌బీ కన్వర్టర్ వల్ల కథ ఇంకో మలుపు తిరుగుతుంది. యూఆర్ట్ ఇప్పుడు మీ కంప్యూటర్‌లో లేదు, కన్వర్టర్ చిప్ లోపల ఉంది. కెర్నెల్ డ్రైవర్ రిజిస్టర్లను ముట్టుకోదు. వేగం, పారిటీ లాంటివి యూఎస్‌బీ కంట్రోల్ అభ్యర్థనలుగా పంపుతుంది. డేటా పొట్లాలుగా వస్తుంది. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌లలో ప్రతి పొట్లానికీ మొదటి రెండు బైట్లు స్థితి కబుర్లు, డ్రైవర్ వాటిని విడదీసి మిగతావి పైకి పంపుతుంది. పొట్లం నిండకపోతే ఎంతసేపు ఆగాలన్నదానికి లేటెన్సీ టైమర్ ఉంటుంది. మామూలుగా అది 16 మిల్లీసెకండ్లు. 2400 వేగంలో ఒక అక్షరానికి 4 మిల్లీసెకండ్లకు పైగా పడుతుంది, కాబట్టి మీకు మూడు నాలుగు బైట్ల ముక్కలుగా అందుతాయి. పాత కంప్యూటర్‌లో ముక్కల పరిమాణం వేరుగా ఉండేది. ఒక్క రీడ్ అంటే ఒక్క బరువు అనుకుని రాసిన ప్రోగ్రాం అక్కడ అదృష్టవశాత్తు నడిచినా ఇక్కడ నడవదు. కెర్నెల్ అమరికలు కనబడే సిస్‌ఎఫ్ఎస్ ఫోల్డర్‌లో ఆ టైమర్‌ను 1 మిల్లీసెకండుకు తగ్గించుకోవచ్చు. మీ పనికి దాని అవసరం లేదు.

కన్వర్టర్ ఊడి మళ్లీ పెడితే టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ1 కావచ్చు. పాత ఫైలును ప్రోగ్రాం ఇంకా పట్టుకుని ఉంటే ఇలా జరుగుతుంది. లారీ ఎక్కిదిగే చోట అదురు ఎక్కువ, ప్లగ్ కదులుతుంది. అందుకే డెవ్ కింద సీరియల్ ఫోల్డర్‌లో ఐడీ పేరుతో ఉండే లింకును వాడండి. చవక కన్వర్టర్లలో సీరియల్ సంఖ్య ఉండదు. అలాంటివి రెండు పెడితే ఐడీ ఒకటే అవుతుంది, అప్పుడు ప్లగ్ పెట్టిన చోటును బట్టి ఉండే పాత్ లింకు మేలు. ఇంకో మాట. కొన్ని లినక్స్ పంపిణీలలో మోడెమ్ మేనేజర్ అనే సేవ కొత్త పోర్టు కనబడగానే అది మోడెమ్ ఏమోనని మోడెమ్‌లు వినే ఏటీ ఆదేశాలు పంపి చూస్తుంది. కాటా పెట్టెలో ఆ సేవ అక్కరలేదు, తీసేయండి.

పంపే వైపు మీకు పెద్దగా పని లేదు, కానీ ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట్ల మీటర్లు, ఇన్వర్టర్లతో మాట్లాడేవారు కూడా ఇది చదువుతారు కాబట్టి చెబుతాను. రైట్ పిలుపు తిరిగి వచ్చిందంటే బైట్లు తీగ ఎక్కాయని కాదు. అవి కెర్నెల్ బఫర్‌లోకి చేరాయి, అంతే. డ్రైవర్ అప్పుడు పంపే గది ఖాళీ ఇంటరప్ట్‌ను తెరుస్తుంది. చిప్ పిలిచినప్పుడల్లా పదహారు బైట్ల దాకా నింపుతుంది. బఫర్ అయిపోతే ఆ ఇంటరప్ట్‌ను మూసేస్తుంది. ఆర్‌ఎస్485 అనే సీరియల్ పద్ధతిలో రెండు తీగల మీదే ఇరువైపులా మాట్లాడాలి. పంపడం అయ్యాక ఆ తీగను వదిలేయాలి. ఎప్పుడు వదలాలి? పంపే గది ఖాళీ అన్న కబురు వచ్చినప్పుడు కాదు. అప్పటికి ఆఖరి బైటు ఇంకా షిఫ్ట్ రిజిస్టర్‌లో ఉండి బిట్టు బిట్టుగా బయటికి వెళుతూ ఉంటుంది. అప్పుడే తీగను వదిలేస్తే ఆఖరి బైటు తెగిపోతుంది, అవతల సీఆర్‌సీ (సందేశం చెడలేదని సరిచూసే సంఖ్య) తప్పుతుంది. షిఫ్ట్ రిజిస్టర్ కూడా ఖాళీ అయిందని చెప్పే బిట్టు వేరే ఉంది. 16550లో దానికి ఇంటరప్ట్ లేదు, డ్రైవర్ టైమర్ పెట్టుకుని చూడాలి. లినక్స్‌లో ఆర్‌ఎస్485 అమరికను ఐఓసీటీఎల్ అనే కెర్నెల్ పిలుపు ద్వారా అడిగితే, ఆ చిప్ డ్రైవర్‌కు మద్దతు ఉన్నచోట కెర్నెలే ఈ పని చూసుకుంటుంది. ఆర్‌టీఎస్‌ను ప్రోగ్రాంలో చేత్తో ఎత్తి దించేవారు ఆ బాధ్యతను కెర్నెల్‌కు వదిలేయడం మంచిది.

మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే మీటర్ల సందేశ పద్ధతిలో సందేశాల మధ్య మూడున్నర అక్షరాల కాలం మౌనం ఉండాలి. 9600 వేగంలో, పదకొండు బిట్ల అక్షరానికి, అది దాదాపు 4 మిల్లీసెకండ్లు. పదహారు మిల్లీసెకండ్ల లేటెన్సీ ఉన్న కన్వర్టర్ మీద ఆ మౌనాన్ని కొలవడం కుదరదు. యూఎస్‌బీ మీద మోడ్‌బస్ మాస్టర్ రాసేవారు సందేశపు పొడవును లెక్కగట్టి, సీఆర్‌సీ సరిచూసుకుని ముగింపు తేల్చాలి. మీ కాటాలో 0డీ వెతకడం, అక్కడ పొడవు లెక్కగట్టడం, రెండూ ఒకటే పని. హద్దు గీయడం డ్రైవర్ పైనున్నవారి బాధ్యత.

లోపం ఎక్కడో తేల్చుకోవడానికి డ్రైవర్ లెక్కలే మొదటి సాక్ష్యం. పీసీలోని పోర్టు అయితే ప్రోక్ కింద టీటీవై, డ్రైవర్ ఫోల్డర్లలో సీరియల్ అనే ఫైలును రూట్ (నిర్వాహకుడి) హక్కులతో చదవండి. ఎన్ని బైట్లు వెళ్లాయి, ఎన్ని వచ్చాయి, ఓవర్‌రన్, ఫ్రేమింగ్, పారిటీ లోపాలు ఎన్ని అన్నవి అందులో కనబడతాయి. లోపం లేని లెక్కను అది చూపదు, అంటే కనబడకపోతే సున్నా. యూఎస్‌బీ కన్వర్టర్ లెక్కలు ఆ ఫైలులో ఉండవు, వాటిని ఐఓసీటీఎల్‌తో అడగాలి. ఓవర్‌రన్ పెరుగుతుంటే ఇంటరప్టుకు స్పందన ఆలస్యమవుతోంది, లేదా కన్వర్టర్ బఫర్ పొంగుతోంది. ఫ్రేమింగ్ లోపాలు వస్తుంటే వేగం సరిపోలేదు. అప్పుడప్పుడు మాత్రమే వస్తుంటే తీగ చూడాలి. కాటా గదికీ ఇండికేటర్‌కూ భూమి మట్టం వేరైతే, లేదా మోటార్ల కేబుల్ పక్కనే సీరియల్ తీగ వేస్తే ఇవి వస్తాయి. వేసవి చివరి పిడుగుల వానలకు పోర్టులు కాలిపోవడం మన వైపు మామూలు, ఐసొలేటెడ్ కన్వర్టర్‌కు పెట్టే ఖర్చు దండగ కాదు. పారిటీ లోపాలు కనబడాలంటే ముందు పారిటీ పెట్టి తెరవాలి. మీరు ఇప్పటిదాకా తెరిచిన పద్ధతిలో ఆ లెక్క ఎప్పటికీ సున్నాయే. తప్పు పట్టుకునే కన్నును మనమే మూసేశాం.

ఇండికేటర్ తీగను రాస్ప్‌బెర్రీ పై పిన్నులకు నేరుగా కలపాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఆర్‌ఎస్232 అనే సీరియల్ పద్ధతిలో ఒకటి అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. ఆ బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు చేసినవి. మధ్యలో మాక్స్3232 లాంటి మార్పిడి చిప్ ఉండాలి.

ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ పెట్టండి. ఇగ్నోర్ తీసేయండి. 0డీ దగ్గర కోయండి. ఈ మూడూ చేశాక, అన్ని అంకెలూ వచ్చేలా కొన్ని బరువులు ఎక్కించి ఇండికేటర్ మీది సంఖ్యతో పోల్చి చూడండి. 1, 2, 4, 7, 8 ఉన్న బరువులు తప్పనిసరిగా ఉండాలి. ఇంకా తేడా కనబడితే ఒక నిమిషంపాటు వచ్చిన బైట్లను డీకోడ్ చేయకుండా హెక్సాలో ఫైలులోకి రాసి, ఆ సమయంలో ఇండికేటర్ మీద ఉన్న బరువు, దాని సెటప్ మెనూలోని సీరియల్ అమరిక, పైన చెప్పిన లోపాల లెక్కలు కలిపి పంపండి. డీకోడ్ చేసిన పాఠం పంపవద్దు, అందులో జాడలు చెరిగిపోతాయి.